ఎండలో పెట్టిన మానిటర్

ఇవాళ ల్యాప్‌టాప్ తెరిస్తే ఐకాన్లన్నీ తెల్లకాగితాల్లా ఉన్నాయి. వెంటనే పెడనలో మా కలంకారీ షెడ్డు, అందులో పూలగుడ్డ కప్పుకుని కూర్చునే డబ్బా మానిటర్ గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ దానికి గుడ్డ కప్పేవారు కదూ?

చిన్నప్పుడు ఒకరోజు దాన్ని తడిగుడ్డతో తుడిచాను. మర్నాటికి ఐకాన్లు ఇలాగే తెల్లబడ్డాయి. బట్టలకు రంగులద్దే మా నాన్నకు ఇంకేం కావాలి?

"రంగు పట్టకముందే తడిపేశావు కదే! మన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి!" అని నెత్తి కొట్టుకుని, మానిటర్‌ను మోసుకెళ్లి ఎండలో పెట్టారు.

నా ఏడుపు విని, నెట్ సెంటర్ నడిపే మా బావ వచ్చాడు. మానిటర్ లోపలికి తెచ్చి తగిలించి, పాడైన ఐకాన్ల ఫైలు తీసేసి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాడు. ఆ ఫైలు కొత్తగా తయారై, బొమ్మలన్నీ వచ్చేశాయి.

"ఎండ తగిలాక రంగు తేలకుండా ఎక్కడికి పోతుందిరా!" అన్నారు నాన్న, బావ వైపు గర్వంగా చూస్తూ.

నవ్వకండి. ఇందాక నేనూ ముందు ల్యాప్‌టాప్‌ను కిటికీ దగ్గరికే జరిపాను.