ఎత్తిన చెయ్యి

మొన్న టీవీలో వాలీబాల్ ఆట చూస్తున్నాను. వల తగిలిందా లేదా అని ఆటగాళ్లు వాదులాడుకుంటే, ఆట ఆపి, ఆ ఘట్టాన్నే నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించారు. తగిలినవాడు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని తనకేమీ తెలియనట్టు నిలబడ్డాడు. ఒళ్లు మండి టీవీ కట్టేశాను. ఎందుకు మండిందో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తాను. సాయంత్రమైతే చాలు, నేతపనివాళ్లు, దర్జీలు, నాలాంటి గుమాస్తాలు అందరం పెన్న ఒడ్డున మైదానంలో చేరేవాళ్లం. మా ఆటకు రెఫరీ లేడు. వల తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తాలి, అంతే. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. ఆట ఒక గంటయితే, వల చుట్టేసి ఉగ్గాని, బజ్జీలు తింటూ ఊళ్లోవాళ్ల సంగతులు చెప్పుకోవడం రెండు గంటలు. ఎవరికి సంబంధం కుదిరిందో, ఎవడు ఎవరి వీధిలో ఊరికే సైకిలు తొక్కుతున్నాడో, ఇంట్లోవాళ్ల కన్నా ముందు మాకే తెలిసేది. వేరేవాళ్ల మీద చెప్పుకున్నంతకాలం నేనూ కడుపారా నవ్వినవాణ్నే.

ఆ ఏడు నాకు పులివెందుల పిల్లతో పెళ్లి నిశ్చయమైంది. ఆ నెలలోనే మాకూ పులివెందుల జట్టుకూ జమ్మలమడుగులో పోటీ. కాబోయే మామగారు చేను పని మానుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. చివరి గేములో వాళ్లకు పద్నాలుగు, మాకు పదమూడు, సర్వీసు వాళ్లది. నేను ఎగిరి కొట్టిన బంతి వాళ్ల కోర్టులో పడింది. రెఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు విజిల్ వేసి సర్వీసు మాకిచ్చారు. మావాళ్లు ఒకటే కేకలు. నా చెయ్యి మాత్రం పైకి లేచింది. కిందికి దిగేటప్పుడు మోచేతికి వల తగిలింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ పాయింటు వాళ్లకు పోయి, పదిహేను నిండి మేము ఓడిపోయాం.

బస్సు ప్రొద్దుటూరు చేరేలోపలే కథ తయారైంది, నేను మామకు ఎదురుకట్నంగా ఆట అప్పజెప్పానని. మరునాడు కచేరీలో బంట్రోతు కూడా ముసిముసిగా నవ్వాడు. జట్టు కెప్టెన్ మా మేనత్త కొడుకు, నాకు బావ. వచ్చి తేల్చేశాడు.

"గాబరాలో చెయ్యెత్తినా, తగల్లేదని ఒక్క మాట చెప్పప్పా. మళ్లా ఆట పెట్టిస్తా. ల్యాకుంటే జట్టులో నీకు చోటు ల్యా."

"తగిలింది బావా. యాడికొచ్చి అడిగినా తగిలిందనే చెప్తా."

ఆ ఆట తప్ప వేరే సంతోషం ఎరగని వయసు. ఏడుపొచ్చింది, నిజమే, మాట మాత్రం మార్చలేదు. జట్టులోంచి తీసేసినా ఆ ఏడాదంతా రోజూ మైదానానికి పోయి, అందరికీ కనబడేటట్టు గట్టు మీద కూర్చున్నాను. నా మీద చెప్పుకునేదేదో నా ఎదుటనే చెప్పుకోమన్నాను. మరుసటి ఏడు మనిషి తక్కువై బావే పిలిచాడు గాని, నమ్మి పిలవలేదు.

నమ్మనిది బావ ఒక్కడే కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు మా ఆవిడ కంచంలో సంగటి ముద్ద పెడుతూ, నిజంగానే తగిలిందా అని అడిగింది. తగిలిందన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. ఆ తరువాత ఎన్నేళ్లలో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాక ఒకసారి నేను విసుక్కుంటే, నవ్వేసి అంది.

"తగల్లేదనుకుంటేనే నాకు శానా బాగుంటాది. నాకోసమే ఓడిపోయినావని ఊరంతా చెప్పుకుంటాంటే, నువ్వొక్కడివే కాదంటాండావు."

ఇప్పుడు ఆ జట్టులో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఒకరి సంగతి ఒకరికి పట్టని రోజులు. నా మీద పుకారు పుట్టించే తీరిక కూడా ఎవరికీ లేదు. మా ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ ఒక్క అబద్ధం ఆమెకు చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేదని ఒక్కోసారి మనసు పీకుతుంది. అయినా సరే, వల తగిలింది. ఇంకొక్కసారి అడగడానికి ఆమె వస్తే, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంకొక్కసారి అదే చెబుతాను.