హాట్ ప్రెస్‌లో వేళ్లు

నా చిన్నప్పుడు, అంటే ఇప్పుడు నన్ను ఆంటీ అని పిలిచే పిల్లలెవరూ ఇంకా పుట్టనప్పుడు, మేం ఐర్లండ్‌లోని డ్రోహెడాలో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమర. ఇక్కడివాళ్లు దాన్ని హాట్ ప్రెస్ అంటారు. వాళ్లు అందులో తువ్వాళ్లు ఆరబెట్టుకుంటే, మా అమ్మ పెరుగు తోడు పెట్టేది.

ఒక ఏడు చలికాలం మొదట్లో ఇండియాలో, మా ఊళ్లో అమ్మమ్మ పోయింది. తన పాస్‌పోర్టు వీసా పని మీద ఆఫీసువాళ్ల దగ్గర ఉండిపోవడంతో అమ్మ చివరిచూపుకి వెళ్లలేకపోయింది. హాస్పిటల్లో డ్యూటీకి వెళ్లొచ్చేది, వండేది, అంతే. మాట పడిపోయినట్టే ఉండేది. పెరుగు తోడు పెట్టడం కూడా మానేసింది. నాన్న ఊరుకునే మనిషి కాదు. ఆదివారం వస్తే చాలు, ఎవరినో ఒకరిని భోజనానికి పిలిచేవాడు, కామెడీ సినిమాలు పెట్టేవాడు, ఒక్కసారి నవ్వమని బతిమాలేవాడు. అమ్మ నవ్వేది కూడా. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసేది. మా అమ్మ ఇక మునుపటి మనిషి కాదేమోనని ఒకటే దిగులు.

అప్పుడే పక్కింటి ఐరిష్ మామ్మ తోటలో పైపుల కోసం తవ్వకం మొదలైంది. ఆవిడ కౌస్లిప్ అనే పసుపుపచ్చ అడవిపూల మొక్కల్ని ముందే వేళ్లతో సహా తవ్వి తీసి, పెట్టెలో తడి ఇసుకలో సర్దింది. తన షెడ్డు కారుతుందని మా షెడ్డులో పెట్టుకుంది. వసంతంలో మళ్లీ నాటుకుంటుందట. ఆ చలికి పాపం వేళ్లు చచ్చిపోతాయని నాన్న పెట్టె తెచ్చి, హాట్ ప్రెస్‌లో పెరుగు గిన్నె ఉండే ఖాళీ చోట పెట్టేశాడు.

వారం తిరిగాక మామ్మ వచ్చి చూస్తే కొన్నిటికి తెల్లగా, పీలగా మొలకలు. లబోదిబోమంటుందనుకున్నాను. ఆవిడ నవ్వేసి నాన్నతో అంది, "వెచ్చగా ఉంటే ఇవి చలికాలం అయిపోయిందనుకుంటాయి. అలా లేచినవి బతకవు. వీటి చలికాలం వీటికి కావాలి."

పెట్టె మళ్లీ షెడ్డులో పెట్టి, వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూసింది. అమ్మ పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా బీన్స్ ఈనెలు తీసిపెట్టి వెళ్లిపోయింది. అదంతా చూసిన నాన్న ఆ ఆదివారం ఎవరినీ పిలవలేదు. అమ్మ ఏడిస్తే టీవీ పెట్టకుండా పక్కన కూర్చున్నాడు. ఆ చలికాలమంతా అమ్మ కరువుతీరా ఏడ్చింది.

మార్చిలో మామ్మ వేళ్లు నాటింది. తొందరపడి లేచినవి పోయాయి గానీ మిగతావి "గ్రాండ్" అంది, అంటే బాగున్నాయని. ఆ రోజుల్లోనే ఒక పొద్దున తువ్వాలు కోసం హాట్ ప్రెస్ తెరిస్తే లోపల మూతపెట్టిన గిన్నె కనిపించింది. మూత తీశాను. పెరుగు గడ్డలా తోడుకుని ఉంది.

పోయినేడు అమ్మ పోయింది. నన్ను నవ్వించాలని మా ఆయన పడే పాట్లు చూడలేక, ఆ పెట్టె సంగతి చెప్పి కాస్త ఊరుకోమన్నాను. మా ఇంట్లో ఇప్పుడు పెరుగు షాపు నుంచే వస్తోంది. తోడు పెడతాను, తొందరేం లేదు.