ఎబినేజర్ పగలగొట్టిన బ్రేకు డ్రమ్ములు

బొగ్గుబావి వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసిన ఎబినేజర్‌కు ఒక అలవాటు చేతికి అంటుకుపోయింది. పనికిరాదని తీసేసిన సామాను ఏదైనా సరే, సమ్మెటతో పగలగొట్టి మరీ పక్కన పడేస్తాడు. బావిలో అదే పద్ధతి. బీటవారిన కొక్కెం మళ్లీ ఎవరికో దొరికి, తొందరలో తగిలించారంటే కిందున్నవాళ్లు పైకి రారు. రిటైరై టేకులపల్లిలో షెడ్డు పెట్టుకున్నా ఆ చెయ్యి మాట వినలేదు.

ఆ షెడ్డుకే సునంద తన తండ్రి కారు తెచ్చింది. ఆ తండ్రి, లారీ డ్రైవరు ఎల్లస్వామి, యాభై ఏళ్ల కిందట ఎవరో దొర బంగళాలో తుక్కు కింద కొన్న ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, పొగరు మాత్రం ఉంది. ఈ అడవి అంచున రెండు వానాకాలాలు దాటితే ఏ బండికీ కంపెనీ సామాను మిగలదు. ట్రాక్టరు నట్టు జీపుకు, జీపు స్ప్రింగు ఆటోకు పోయి, బండ్లన్నీ చుట్టాలైపోతాయి. ఎల్లస్వామి కారుకు మాత్రం అన్నీ పుట్టుకతో వచ్చినవేనని ఊరంతా నమ్మకం. హైదరాబాదులో పాత కార్ల పోటీ ఉంది. అందులోకి రావాలంటే కారుకు కంపెనీ ఇచ్చిన అసలు సామానే ఉండాలి. పోయిన నాయన పేరు అక్కడ మైకులో వినాలని సునంద ఆశ.

బాగుచెయ్యమని వదిలిపోయిన ఆమె వారానికి తిరిగి వచ్చేసరికి కారు తళతళలాడుతోంది.

"బ్రేకులు కొత్తయి ఏసిన బిడ్డా. భద్రాచలం దాకా కండ్లు మూసుకొని పోవచ్చు."

"నువ్వు పో కాకా కండ్లు మూసుకొని! పాత డ్రమ్ములేవి? ఒక్కటి కూడ పారెయ్యొద్దన్న గద!"

"పారెయ్యలే. పగలగొట్టిన."

 సునంద షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. "మా నాయన నలభై ఏండ్లు తొక్కిన బ్రేకు కాకా అది," అంది.

"బీటలిచ్చినయ్ బిడ్డా..."

మొహం చూపించలేక వెనక్కి పోయి గోనెసంచి తెచ్చి కుమ్మరించాడు. అలాంటివే చేయించడానికి నమూనాకైనా పనికొస్తాయేమోనని ముక్కలు పేర్చసాగాడు. మసి తుడిచిన లోపలి అంచు మీద అతని వేలు ఆగింది. గోరంత సిలువ, దాని కింద మూడు చుక్కలు. రెండో డ్రమ్ము ముక్క తిప్పాడు. అక్కడా అదే.  నేల మీద కూలబడ్డాడు.

"ఏంది కాకా?"

"మా నాయన గుర్తు. స్తెఫను. నాకంటే ముందు అదే వర్క్‌షాపుల చేసిండు. తన చేత్తో చేసిన ప్రతి సామానుకు లోపట గిట్ల కొట్టేటోడు. ఇవి కంపెనీయి కావు బిడ్డా. మీ నాయన కోసం మా నాయన లేత్ మిషను మీద తీసిండు."

పోటీవాళ్లు అడిగే డ్రమ్ములు ఆ కారుకు ఎప్పటినుంచో లేవు. ఎల్లస్వామి ఒక్కరికీ చెప్పలేదు. తండ్రి చేతిపని ఎబినేజర్ ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. దొరికిన రెండిటినీ తనే తునకలు చేశాడు.

సునంద గొంతు తగ్గింది. "అతికించి ఏస్తవా? పోటీ పోతే పోనియ్."

"అతుకుల బ్రేకా? మా నాయన సమాధిల నుంచి లేచొచ్చి కొడ్తడు."

 ఆమె ముక్కల్ని సంచిలోకెత్తి, ఒళ్లో పెట్టుకుని కార్లో కూర్చుంది. "నడుపు కాకా. ఆగుతదో లేదో చూస్త."

ఊరు దాటగానే మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. ఎబినేజర్ తొక్కాడు. కారు గీత గీసినట్టు ఆగింది.  సునంద ఒళ్లోని సంచిలో ఇనుప ముక్కలు ఒకదానికొకటి తగిలి మోగాయి.