బాపును అడిగిన ప్రశ్నలు

ఈ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, పాలు పొంగకుండా స్టవ్ తగ్గిస్తుంటే, మనుమరాలు వంటింటి గట్టు మీద పెట్టిన ఫోన్ ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టింది. అడ్వర్బియల్స్, అంటే పని ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా, ఎందుకు జరిగిందో చెప్పే మాటలు, ఎన్ని రకాలో ఒక హుషారు గొంతు గడగడా చెప్పింది. మధ్యలో ఆ ఫోనే, మీరు ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా అని అడిగింది. వద్దని నొక్కాను. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని ఎవరడిగినా, అడిగేవాళ్లకు దానితో ఏం పని అని ముందు ఆలోచించడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. కరీంనగర్ వచ్చి ఇన్నేళ్లయినా పోలేదు. అది బొగ్గుబావుల ఊరు నస్పూర్‌లో, మేం బాపు అని పిలిచే మా నాన్న వల్ల పడిన అలవాటు. బాపు పోయి ఇంకా నెల కాలేదు. ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు రాయను. అవి ఆయనకూ నచ్చేవి కావు.

బాపు జమ్మికుంట నుంచి సోషల్ సారుగా వచ్చాడు. బడిలో ఇంగ్లీషు సారు బదిలీ అయి, ఆ చోటికి ఎవరూ రాకపోవడంతో ఆ క్లాసులు కూడా ఆయనకే అంటగట్టారు. సాయంత్రాలు బొగ్గుబావి కార్మికుల పిల్లలు మా క్వార్టర్ వరండాలో చాపల మీద కూర్చునేవారు, వాళ్లతోపాటు నేనూ. ఒక పిల్ల లేచి నిన్న ఇంట్లో జరిగిన సంగతి చిన్న వాక్యంలో చెప్పాలి: మై ఫాదర్ కేమ్. ఒక చాప వాళ్లు ఎప్పుడు అని అడగాలి, రెండో చాప ఎక్కడికి అని, మూడోది ఎట్లా అని, గోడవార పెద్దపిల్లలు ఎందుకు అని. జవాబు ఎర్లీ అనే ఒక్క మాట కావచ్చు, బై ద నైట్ బస్ అనే నాలుగు మాటల ముక్క కావచ్చు, బికాజ్‌తో మొదలై తన కర్తా క్రియా తనకున్న ఉపవాక్యం కావచ్చు. ఏదైనా అది చేసేది ఒకటే, ఆ రావడం గురించి ఇంకొంచెం చెప్పడం అనేవాడు. ఇఫ్ షరతుకు, ఆల్‌దో "అయినా సరే" అనడానికి. అవి కష్టం గనుక చివర్లో.

ఆ ఏడు బావుల్లో సమ్మె మొదలైంది. ముందుండి నడిపేవాళ్లు పోలీసులు పట్టుకుపోతారని ఇళ్లలో పడుకోవడం మానేశారు. వాళ్లలో పక్కింటి కాక ఒకడు. బాపు మాత్రం పాఠం తీరు మార్చలేదు. కాక కూతురు లేచి మై ఫాదర్ వెంట్ అంది, చాపలన్నీ వరసగా అడిగాయి, ఆ పిల్ల బుద్ధిగా అన్నిటికీ జవాబు చెప్పింది: ఏ బస్సు, ఏ ఊరు, ఏ చుట్టం ఇల్లు. మరుసటి వారం ఆ చుట్టం ఇంటికి పోలీసులు వెళ్లారు. కాక అప్పటికే అక్కడి నుంచి వచ్చేశాడు గనుక దొరకలేదు.

అప్పుడు అందరికీ ఇంకో సంగతి గుర్తొచ్చింది. బాపు ప్రతి గురువారం బావుల ఆఫీసర్ల బంగ్లాల వైపు పోయేవాడు. ఎందుకో అవ్వకు, అంటే మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. అవ్వ నీళ్లకు పోతే పంపు దగ్గర మాటలు ఆగిపోయేవి. ఒకామె మాత్రం ముఖం మీదే అడిగింది: "మీ సారు పోరగాండ్లకు పాఠం చెప్తుండా, పంచనామా రాస్తుండా?" చాపలు ఖాళీ అయ్యాయి. ఇక్కడ తలెత్తుకుని ఉండలేనని, ఇల్లు ఖాళీ చేసి జమ్మికుంట పోదామని అవ్వ పట్టుబట్టింది. నాకూ ఒక గురువారం ఆయన వెనకాలే పోయి చూడాలనిపించింది.

సమ్మె సద్దుమణిగిన తర్వాతి ఆదివారం బాపు తన కుర్చీని క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఇంటింటికీ పంపి పిల్లలను, వాళ్ల తండ్రులను పిలిపించాడు.

"దినాం నేను అడుగుతున్న గద. ఇయ్యాల మీరు అడుగుండ్రి, నేను చెప్త."

పిల్లలు తండ్రుల వైపు చూశారు. కాకే ముందుకొచ్చాడు.

"గురువారం యాడికి పోతవ్ సారూ?"

"ఆఫీసర్ బంగ్లాకు."

"ఎప్పుడు పోతవ్?"

"బడి ఇడిశినంక."

"ఎట్ల పోతవ్, మంది సూడకుంటనా?"

"సైకిల్ మీద. బెల్లు కొట్టుకుంటనే పోత."

వెనక ఎవరో నవ్వారు. కాక నవ్వలేదు.

"ఎందుకు పోతవ్?"

బాపు ఆగాడు. ఆగినంతసేపూ కాలనీ అనుమానమే నిజమనిపించింది. తర్వాత మెల్లగా చెప్పాడు: ఆ బంగ్లాలో ఆఫీసర్ తల్లి ఉంటుందని, ఆమె వెనకట హైదరాబాదులో ఇంగ్లీషు పంతులమ్మ అని, గురువారం ఆమె దగ్గర నేర్చుకున్నదే శుక్రవారం మాకు చెప్తున్నానని. "నాకు ఇంగ్లీషు సక్కగ రాదు, గందుకు పోతున్న. మీ పోరగాండ్లు ఫేలు కావద్దని పోతున్న." ఎందుకు అన్నదానికి వెనకున్న కారణం వేరు, ముందున్న ఉద్దేశం వేరని మాకు చెప్పబోయి కొన్ని రోజుల కిందటే ఆయన తడబడ్డాడు. ఆ రోజు తడబడలేదు. సారుకే పాఠం రాదని తెలిస్తే ఇక ఆయన మాట ఎవరు వింటారన్న భయంతోనే అన్నాళ్లూ అవ్వ దగ్గర కూడా దాచాడు.

కాక ఇంకో ప్రశ్న వేశాడు. "తప్పు చెప్తే గా ముసలమ్మ గోడకుర్చీ ఏపిస్తదా సారూ?"

"గదొక్కటే తక్వ" అన్నాడు బాపు.

అందరూ నమ్మారని రాయలేను. ఆ బంగ్లాలో ముసలమ్మతోపాటు ఆఫీసరూ ఉంటాడు కదా అని ఒకరిద్దరు పిల్లలను మళ్లీ పంపలేదు. పోలీసులకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. కాక కూతురు మాత్రం మర్నాడే వచ్చి ముందు చాప మీద కూర్చుంది. అవ్వ జమ్మికుంట మాట ఎత్తడం మానేసింది. ఆనాటి నుంచి పాఠంలో ముందు పిల్లలు సారును అడగాలి. ఆయన ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా, ఎందుకు అన్నిటికీ జవాబు చెప్పాకే తాను అడగాలి. చెప్పనన్న పిల్లను బలవంతపెట్టకూడదు. రిటైరయ్యే దాకా బాపు ఆ పద్ధతి తప్పలేదు.

ఫోన్ పాఠం అయిపోయాక మనుమరాలు రకాలన్నీ ఒప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. నువ్వు దాన్ని ఏమన్నా అడిగావా అన్నాను.

"దాన్నేం అడుగుతం అమ్మమ్మా, గదే మనల్ని అడుగుతది" అంది.

పాలు దించి గ్లాసులో పోసి ఇచ్చాను. పాఠం చెప్పేవాళ్లను ముందు కూర్చోబెట్టి పిల్లలు ప్రశ్నలు అడగడం ఇప్పుడు ఎక్కడా లేదు.