ఆంటీ కుడికన్ను, నా ఫైలు

ఆ రోజు కంటి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నన్ను నేనే తిట్టాను. తిట్టడం తప్పు కాదు, తిట్లకు తగిన పనే చేశాను. కానీ ముక్కూ మొహం తెలియని ఎవరో ఆఫీసరును తిడుతున్నట్టు తిట్టాను. అదే తప్పు.

ఢిల్లీ మయూర్ విహార్‌కు మెట్రో ఇంకా రాని రోజులు. మా సొసైటీలో మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేవారు. విజయనగరం వైపు మనిషి. ఢిల్లీ సర్కారు ఆఫీసుల్లో ముప్ఫై ఏళ్లు స్టెనోగా చేసి రిటైరయ్యారు. సొసైటీలో ఆవిడకు ఇంకో ఉద్యోగం ఉండేది. హోలీకి, దీపావళి మేళాకు తంబోలా నంబర్లు పిలిచేది ఆవిడే. సంచిలోంచి బిళ్ల తీసి, పైకెత్తి, మైకు అక్కర్లేని గొంతుతో హిందీలో, ఇంగ్లీషులో అంకె చెప్పి, మా రెండు తెలుగు కుటుంబాల కోసం చివర్న తెలుగులోనూ చెప్పేవారు.

ఆ ఏడాది హోలీకి ముప్ఫై ఆరును ఎనభై ఆరని పిలిచారు. కాసేపటికి అసలు ఎనభై ఆరు కూడా వచ్చింది. అప్పటికే ఒకావిడ ఫుల్ హౌస్ అని లేచి గంతులేస్తోంది. బహుమతిగా పెట్టిన ప్రెషర్ కుక్కర్ ఎవరిదన్న గొడవ రెండు రోజులు నడిచింది. ఆంటీ కళ్లలో శుక్లాలున్నాయని అలా బయటపడింది. సొసైటీ సెక్రటరీ, పంజాబీ అంకుల్, మర్యాదగానే చెప్పాడు: "ఆంటీజీ, దివాలీ మే ఆప్ ఆరామ్ కీజియే. నంబర్ కంప్యూటర్ నికాలేగా."

మీరు విశ్రాంతి తీసుకోండి, నంబర్లు కంప్యూటరు తీస్తుందన్న ఆ మాట ఆవిడను శుక్లాలకన్నా ఎక్కువ బాధ పెట్టింది. "కంప్యూటరుకి గొంతుందేటి బాబూ? దీపావళిలోపు ఓ కన్నయినా చేయించీసుకుంటాను. చూద్దాం ఎవరు పిలుస్తారో" అన్నారు నాతో.

పెన్షనర్లకు ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వ డిస్పెన్సరీ డాక్టరు చీటీ రాస్తే, ప్రభుత్వ ప్యానెల్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేతి డబ్బు పెట్టకుండా ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఆంటీ చీటీ తెచ్చుకుని, మా ఇంటికి దగ్గర్లోని కంటి ఆసుపత్రిలో తేదీ తీసుకుని, నన్ను తోడు రమ్మన్నారు. "నువ్వు మినిస్ట్రీ మనిషివి. పక్కన నిల్చుంటే చాలు, కౌంటర్లో పిల్ల సర్దుకుని కూర్చుంటది."

ఆ పిల్ల సర్దుకోలేదు. "ఆంటీజీ, హమారా ప్యానెల్ ఖతమ్ హో గయా. రెన్యూ నహీ హువా" అంది. వాళ్ల ప్యానెల్ గడువు తీరిపోయింది, పొడిగింపు ఇంకా రాలేదట. మేనేజరు వచ్చాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, తన గోడు నాకే చెప్పుకున్నాడు.

"కాగితాలన్నీ ఎప్పుడో ఇచ్చేశాం సర్. ఎవరో ఆఫీసరు ఫైలు మీద 'ప్లీజ్ స్పీక్' అని రాసి కిందికి పంపాడట. ఆరు వారాలైంది. కిందివాళ్లు మాట్లాడదామని వెళ్తే మనిషి సీట్లో ఉండడట!"

సర్కారు ఆఫీసుల్లో ఫైలును ఒప్పుకోవడమూ కాదనడమూ ఇష్టం లేనప్పుడు అంచున ఆ రెండు మాటలు రాస్తారు. వచ్చి నాతో మాట్లాడు, అని. ఫైలు కింది సెక్షన్‌కు పోతుంది. ఇక్కడ పని చేసినట్టూ ఉంటుంది, టేబులు ఖాళీగానూ ఉంటుంది. ఆసుపత్రుల ప్యానెల్ ఫైళ్లు వచ్చేది నా టేబులు మీదికే. నాకు గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం, లావుపాటి ఫైలు, అయిదున్నరకు ఆఫీసు వాళ్లను ఇళ్లకు చేర్చే మా చార్టర్డ్ బస్సు, అందులో కిటికీ సీటు. అట్ట కూడా తిప్పకుండా రాసి పంపేశాను.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "ఇలాంటి బాధ్యత లేని మనుషుల వల్లే గవర్నమెంటుకు చెడ్డపేరు! సీట్లో కూర్చోవడానికి కూడా బద్ధకమేనా?" అన్నాను గట్టిగా. మేనేజరు సానుభూతిగా తలూపాడు. ఆంటీ ఊపలేదు.

ఆటోలో సగం దూరం వచ్చాక చెప్పేశాను. "ఆంటీ, ఆ ఆఫీసర్ని నేనే."

"తెలుసు."

"ఎలా?"

"ముప్ఫై ఏళ్లు స్టెనోని బాబూ. ప్లీజ్ స్పీక్ అంటే బస్సుకి టైమైందని. అయినా బైటోడిని అంత కసిగా ఎవరు తిడతారు? నువ్వలగ అరుస్తుంటేనే అనుమానం వచ్చీసింది." మళ్లీ ఆవిడే అన్నారు: "దీపావళికి నేను పిలిస్తే సరే. కంప్యూటరు పిలిచిందో, మీ ఇంటికి నా ఇడ్లీపిండి బంద్."

మర్నాడు పొద్దున్నే నేనే మెట్లు దిగి సెక్షన్‌కు వెళ్లాను. అక్కడి సెక్షన్ ఆఫీసరు కంగారుగా లేచాడు. "సర్, ఆప్ యహాఁ?"

"మాట్లాడమని రాశాను కదా. మాట్లాడదాం."

"నేను మూడుసార్లు వచ్చాను సర్. మీరు బస్సుకు వెళ్లిపోయారు." ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఇద్దరం కూర్చుని ఫైలు మొదటి నుంచి చదివాం. అరగంట పట్టింది. అందులో మాట్లాడాల్సింది ఏమీ లేదు. ఆసుపత్రివాళ్లు అడిగినవన్నీ ఇచ్చారు. సంతకం చేసి, బంట్రోతుకు ఇవ్వకుండా ఫైలు నేనే చంకలో పెట్టుకుని ఖర్చుకు ఒప్పుకోవాల్సిన ఫైనాన్స్ వాళ్ల గదికి పోయాను. సాహెబ్ మీటింగుకి వెళ్లారన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను, డిస్పెన్సరీలో టోకెన్ పట్టుకున్నవాడిలా. అప్పటిదాకా ప్యానెల్ అంటే నాకు కాగితమే. ఆసుపత్రికి వ్యాపారం, సర్కారుకు ఖర్చు, అంతే అనుకునేవాణ్ణి. ఆ బెంచీ మీద కూర్చున్నాకే ఆ కాగితం చివర ఒక సంచీ, అందులో తంబోలా బిళ్లలూ కనిపించాయి.

ఆ వారమంతా చార్టర్డ్ బస్సు అందలేదు. సిటీ బస్సులో వేలాడుతూ ఇంటికొచ్చాను. వారం చివరికి ఆర్డరు బయటికొచ్చింది. మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను, సీట్లో ఉండని ఆ ఆఫీసరు ఎవరో కూడా చెప్పాను. "సర్, చాయ్ పీనే ఆయియే" అని టీకి పిలిచాడు. ప్లీజ్ స్పీక్ అని రాసి నేను కిందికి తోసేసిన మిగతా ఫైళ్లు కూడా వెతికించి, ఒక్కొక్కదాని కోసం నేనే మెట్లు దిగాను.

ఆంటీ కుడికన్నుకు దీపావళికి మూడు వారాల ముందు ఆపరేషన్ అయింది. వీల్‌చెయిర్ తోసింది నేనే. చుక్కల మందు వేళకు వేసింది మా ఆవిడ.

మేళా రోజున ఆంటీ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సినిమా స్టారులా స్టేజీ ఎక్కారు. కంప్యూటరు మూలన తువ్వాలు కప్పుకుని కూర్చుంది. బిళ్ల తీసి, కళ్లద్దాలు పైకెత్తి చూసి, "ఛియాసీ! ఎయిటీ సిక్స్! ఎనభై ఆరు!" అన్నారు.

వెనక నుంచి సెక్రటరీ అరిచాడు, "పక్కా, ఆంటీజీ?"

జనం గొల్లున నవ్వారు. ఆంటీ బిళ్లను నా వైపు చాచారు. "బాబూ, ఇలారా. వీళ్లకి మినిస్ట్రీ మంజూరు కావాలంట."

పరిగెత్తుకెళ్లి చూశాను. ఎనభై ఆరే.

"అప్రూవ్డ్" అన్నాను, ఈసారి అక్కడికక్కడే.