ఏటి ఒడ్డు ఇంటికి బాపు చెప్పిన మంచి గుణం

మా చిన్నప్పుడు మా ఇల్లు అమ్మకానికి పెట్టారు... తెలంగాణ వచ్చిన కొత్త, నేను నాలుగో తరగతి. ఆలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డున పెద్ద పెంకుటిల్లు మాది. టేకు దూలాలు, పొడుగాటి వసారా... పెరటి తలుపు తీస్తే ఏటి ఇసుక.

అంత మంచి ఇల్లు పోతోందని నేను ఏడ్చాననుకునేరు. ఎప్పుడు పోతుందా అని దేవుడికి దండాలు పెట్టుకుంటున్నా. మగ్గం మీద గిట్టుబాటు కాక బాపు మహబూబ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడు. ఇల్లు అమ్ముడుపోతే అందరం అక్కడికే... బాపు రోజూ ఇంటికొస్తాడు. నాకు అంతే కావాలి.

ఓ ఆదివారం కర్నూలు నుంచి రిటైరైన సారొకాయన భార్యతో కలిసి ఇల్లు చూడటానికి వచ్చారు. ఏటి గాలి, పాతకాలపు ఇల్లు కావాలట. అమ్మ ముందురోజే గోడలకు సున్నం వేయించింది. తెల్లారేసరికి మగ్గం గదిలో గోడ కింది సగం మళ్లీ నల్లబడింది. అమ్మ అక్కడ నులక మంచం నిలబెట్టి, పైన దుప్పటి కప్పింది.

సారుకు అన్నీ నచ్చాయి. దూలాలు తట్టి చూసి మురిసిపోయారు. నేను మనసులో నా పుస్తకాలు సర్దేసుకున్నా. ఇంతలో ఆయన మగ్గం గది గోడ మీద చెయ్యి పెట్టి, ఇక్కడ చెమ్మ ఉన్నట్టుందే అన్నారు.

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది... బాపు తల్లి, మా అవ్వ, చెప్పనిస్తేగా.

"ఉన్నట్టుండుడేంది సారూ, మస్తుగుంటది. గీ ఇంటికున్నంత తేమ ఊర్ల ఇంకెక్కడ లేదు" అంది, ఎంతో గర్వంగా.

బాపు అయినా ఆపాలి కదా... మగ్గం మాట వచ్చేసరికి ఇల్లు అమ్ముతున్న సంగతే మరిచిపోయాడు. మగ్గం గుంతలోకి దిగి కూర్చుని మరీ వివరించాడు.

"ఎండకాలం గూడ గోడ ఆరదు సార్. తేమకు పోగు ఒక్కటి తెగదు. మా తాత గందుకే గీ జాగ ఏరి కొన్నడు."

సారు భార్య దుప్పటి పక్కకు జరిపి గోడ చూసింది, తర్వాత సారు వైపు చూసింది. అమ్మ పెట్టిన చాయ్ పొయ్యి మీదే ఉండగా వాళ్ల కారు వెళ్లిపోయింది.

సాయంత్రం బస్సు దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకు చెప్పావని బాపును నిలదీశా. "మంచి గుణమే చెప్పిన కద బిడ్డా" అన్నాడు... పాపం, నిజంగానే అర్థంకాక.

ఆ తర్వాత ఇంకో ఏడాది ఆదివారాలే. చివరికి మరొకరు చూడటానికి వచ్చిన రోజు అమ్మ అవ్వనూ బాపునూ జోగులాంబ గుడికి పంపేసి, ఇల్లు తానే చూపించింది. చెమ్మ సంగతి దాచలేదు... గర్వపడలేదు, అంతే. బేరం కుదిరిపోయింది.

ఇప్పుడు బాపు రోజూ చీకటి పడకముందే ఇల్లు చేరతాడు. నేనే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం పొద్దున పోయి సాయంత్రం బస్సుకు తిరిగొస్తున్నా... బస్సు కదిలేదాకా బాపు కిటికీ పక్కనే నిలబడతాడు.

మీ ఇంట్లో మీరు వారమంతా ఎదురుచూసిన మనిషి ఎవరు? చెప్పండి... చదువుతూ ఈ బస్సు ప్రయాణం గడిపేస్తా.