అత్తారింట్లో తపస్సు

ఆ రోజుల్లో మనిషిని పాడుచేసే సరంజామా ఇప్పుడున్నంత ఉండేది కాదు. ఓ రంగుల టీవీ, ఓ టేపురికార్డరు, పొద్దున్నే పేపరు, వారానికో సినిమా, రోజుకి నాలుగైదు కాఫీలు, అంతే. అయినా ఆ కాస్తతోనే నేను సర్వనాశనమైపోయానని నాకు గట్టి నమ్మకం కలిగింది. అప్పుడు భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఓ కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాను. పొద్దస్తమానం ఫోన్లు, లారీల హారన్లు, చెరువుల రైతుల కేకలు. అలాంటి సమయంలో రాజమండ్రి నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి ఉపన్యాసానికి వెళ్లాను. (చివర్లో పులిహోర పెడతారని తెలిసే వెళ్లాను, దాచడమెందుకు.) "మనసుకి రుచులు మరిగించి మనమే దాన్ని చెడగొట్టాం. ఒక్క వారం దానికేమీ పెట్టకండి. కాఫీ వద్దు, కూర వద్దు, పాట వద్దు, ఆట వద్దు, కబుర్లు అసలే వద్దు. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి కూడా, చెబితే మెచ్చుకోలు కోసం ఎగబడుతుంది" అన్నాడాయన. రెండోసారి పులిహోర పెట్టించుకుంటూ నేను ఆ పని చేసి తీరాలని నిశ్చయించుకున్నాను.

మరి ఎక్కడ చేయాలి? మా అద్దె గది కింద క్యాసెట్ల కొట్టు, ఎదురుగా ఆటోల స్టాండు. పెళ్లై ఎన్నాళ్లో కాలేదు, మా ఆవిడ పుట్టింటికి తీసుకెళ్లమని అడుగుతూనే ఉంది. పెనుగొండకి అవతల, కాలవ గట్టున వాళ్ల ఊరు. ఆకు కదిలితే వినపడేంత ప్రశాంతం. వారం సెలవు పెట్టి, ఆవిడకి విషయం చెప్పకుండా బయల్దేరదీశాను. తపస్సుకి అడవులనీ కొండలనీ వదిలేసి అత్తారిల్లు ఎంచుకున్న మొట్టమొదటి మునిని బహుశా నేనే.

దిగగానే స్టీలు గ్లాసులో కాఫీ వచ్చింది. చేత్తో వద్దని సైగ చేశాను. మా అత్తగారు అప్పట్లో నాతో నేరుగా మాట్లాడేవారు కాదు, తలుపు చాటునుంచి కూతురి ద్వారా కబురంపేవారు. "పాలు పలచనయ్యాయేమో అడగవే" అన్నారు. నేను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. టీ వచ్చింది, మజ్జిగ వచ్చింది, కొబ్బరిబోండాం వచ్చింది, అన్నీ వచ్చిన దారినే వెళ్లాయి. మధ్యాహ్నం చేపల పులుసు, రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, ఆవకాయ, అరిటాకు మీద చోటు చాలలేదు. నేను అన్నంలో పెరుగు కలుపుకుని ఉప్పు కూడా వేసుకోకుండా తిని లేచాను. లోపల ఏదో గిన్నె చేజారిన చప్పుడైంది. తర్వాత అరుగు మీద గోడకేసి తిరిగి కూర్చున్నాను. మామగారు పేపరు తెచ్చిచ్చారు, తిప్పి పక్కన పెట్టాను. హాల్లో క్రికెట్ మ్యాచ్ వస్తోందని పిలిచారు, కళ్లు మూసుకున్నాను. "ఏంటండీ, అల్లుడుగారు గోడకేసి చూత్తన్నారు?" అని దారిన పోయేవాళ్లు అడుగుతుంటే మామగారు భుజం మీది తువ్వాలు సవరించుకునేవారు.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. కొత్తల్లుడు అత్తారింట్లో తిండి మాని, మాట మాని కూర్చుంటే గోదావరి జిల్లాల్లో దానికి ఒక్కటే అర్థం: అలిగాడని. పెళ్లిలో అలకపాన్పు వేడుకని ఒకటుంటుంది. మంచం మీద కూర్చుని పెళ్లికొడుకు ఏదో ఒకటి కోరాలి, మామగారు ఇవ్వాలి. నేను ఆదర్శాలు ముదిరిన వాణ్ని కనక ఆ రోజు "నాకేమీ వద్దండి" అని లేచిపోయాను. ఊరంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ అలకే వడ్డీతో సహా బయటికొచ్చిందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నారు. ఆ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. మర్నాడు హాల్లో టీవీ నా గదిలోకొచ్చింది. ఆ మర్నాడు టేపురికార్డరు దిండు పక్కకొచ్చింది. తర్వాత టేబుల్ ఫ్యాను, కొత్త వాచీ, సినిమా పత్రికల కట్ట. నేను వదిలేద్దామనుకున్నవన్నీ వరసగా నా గదిలోకే చేరుతున్నాయి. (భీమవరంలో నాకు వీటిలో సగం కూడా లేవు.)

మా ఆవిడ మాత్రం వేరే విధంగా బాధపడింది. నీళ్లచెంబు పెట్టడానికి వచ్చి, "ఏమైందో చెప్పండి, నేనేమన్నా అన్నానా?" అంది. పెద్దమనిషి చెప్పినట్టు ప్రశాంతంగా కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వాను. "మా ఆయన ఏమీ కోరలేదని ఇంటింటికీ చెప్పుకున్నానండి. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని చెంబు అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది. అప్పటికీ నాకు పూర్తిగా వెలగలేదు. ఆ తర్వాత తను నా వైపు చూడటమే మానేసింది. నేను నోరు మూసుకున్నప్పుడు హాయిగా ఉన్న ఇల్లు, తను నోరు మూసుకున్నాక భరించలేకుండా తయారైంది.

వారం ఇంకా పూర్తి కాకుండానే ఓ పొద్దున్న మామగారూ, ఆయన అన్నగారూ (మేమంతా పెద్దమామగారనేవాళ్లం) నన్ను వాకిట్లోకి పిలిచారు. అక్కడ పసుపు రాసి, దండ వేసిన ఎర్రటి కొత్త మోటారుసైకిలు నిలబెట్టి ఉంది. నా మనసు ఎంత బాగా ఖాళీ అయిందో అప్పుడు తెలిసింది, బండి మొత్తం అందులో పట్టేసింది. మామగారు తాళం చేతిలో పెట్టబోతూ, "మాదే పొరపాటు బాబూ, మీరు నోరు తెరిచి అడగలేదని ఊరుకున్నాం. ఇంక కోపం ఉంచుకోకండి" అన్నారు. గుమ్మంలో మా ఆవిడ కళ్లనీళ్లతో నన్నే చూస్తోంది. ఈ తాళం పుచ్చుకుంటే ఆ చూపు జన్మలో మారదని నాకు ఖాయంగా తెలిసిపోయింది. మౌనం గంగలో కలిపి, "బండి వద్దండి! నాకు మనశ్శాంతి కావాలండి!" అని గట్టిగా అరిచాను.

అంతే, అత్తగారు మొదటిసారి తలుపు చాటు దాటి బయటికొచ్చి, "మనశ్శాంతి లేకుండా మా పిల్ల ఏం చేసిందండీ?" అని నేరుగా నన్నే అడిగారు. ఇక లాభం లేదని ఉపన్యాసం దగ్గర్నుంచి మొదలుపెట్టి, పులిహోరతో సహా చెప్పేశాను. పెద్దమామగారు అంతా విన్నారు. "అంటే, అన్నీ ఉండగా ఏమీ లేనట్టు కూర్చోవడమన్నమాట. ఆయ్, బాగుంది. దానికి సెలవు కూడా పెట్టారా?" అన్నారు. "పెట్టానండి" అన్నాను. "జీతం కోత్తారా?" "కోస్తారండి." ఆయన తమ్ముడి వైపు తిరిగి, "మంచోడేరా, కాపోతే చదువెక్కువైంది" అని తీర్పు చెప్పారు. ఆ తర్వాత, "ఎలాగూ అందరం చేరాం. అలక్కూర్చున్నవాడు ఉత్త చేతుల్తో లేవకూడదు బాబూ, ఇంటికి మంచిది కాదు. ఏదో ఒకటి అడగండి" అన్నారు.

బండి వంక చూశాను. (చూడలేదంటే మీరు నమ్మరు.) "మీ అమ్మాయిని నాతో మాట్లాడమనండి, చాలు" అన్నాను.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "నేనూ వారం రోజులు అన్నీ మానేద్దామనుకుంటున్నానని చెప్పండి పెదనాన్నా. ముందు ఆయన్నే మానేస్తున్నాను" అంది. వాకిలంతా ఒక్కసారి నవ్వింది. నవ్వుల మధ్యే తను లోపలికెళ్లి కాఫీ తెచ్చి నా పక్కన ఠక్కున పెట్టింది. మాటలు మాత్రం సాయంత్రం దాకా రాలేదు. ఆ కాఫీ రుచి గురించి రాయాలంటే నాకు భాష చాలదు. బండి అదే రోజు వచ్చిన చోటికే వెళ్లిపోయింది. కాలవ మలుపు తిరిగేదాకా దాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు మామగారూ లేరు, పెద్దమామగారూ లేరు. డాక్టరుగారి పుణ్యమా అని కాఫీలో చక్కెర, ఆవకాయ, వేపుళ్లు అన్నీ వాటంతటవే నన్ను వదిలేశాయి. మొన్నో రోజు ఏదో చిన్న మాటకి కోపమొచ్చి, టిఫిను వద్దని, టీవీ కట్టేసి, గోడకేసి కూర్చున్నాను. ఎవరైనా వచ్చి బతిమాలుతారేమోనని చాలాసేపు చూశాను. మా ఆవిడ వచ్చింది, ఎగాదిగా చూసింది, "మంచిదే, షుగరు తగ్గుతుంది" అని వెళ్లిపోయింది. అప్పట్లో అత్తారింట్లో ఆ వారమంతా నేను అలగకుండానే ఊరు ఊరంతా నన్ను బతిమాలింది. మొన్న మాత్రం నేను నిజంగానే అలిగాను.